చంద్రుడి మీద పడ్డ మన నీడ

మీ నీడను మీరు రోజూ చూస్తూనే ఉంటారు. చెట్టు నీడలో ఆడుకుంటారు. గోడ నీడన నిలబడి బస్సు కోసం ఎదురు చూస్తారు. మరి ఇన్ని చెట్లనూ, ఇన్ని గోడలనూ, మనందరినీ మోస్తున్న ఈ భూమికి నీడ ఉండదా? ఎందుకుండదు! ప్రతిరోజూ మీరు ఆ నీడలోనే నిద్రపోతున్నారు. రాత్రి అంటే భూమి నీడే గదా!

అయితే ఆ నీడ ఏ ఆకారంలో ఉంది? ఎంత వెడల్పు? నీడ లోపల కూర్చున్న వాళ్ళకి ఈ సంగతి తెలియదు. నీడ ఆకారం తెలియాలంటే అది ఏదో ఒక తెర మీద పడాలి. ఆ తెర ఆకాశంలో, లక్షల కిలోమీటర్ల దూరాన ఉండాలి. అటువంటి తెర మనకు ఒకే ఒక్కటి ఉంది. అదే చంద్రుడు. భూమి నీడ చంద్రుడి మీద పడటమే చంద్రగ్రహణం.

గ్రహణాన్ని ఊరికే చూసి ఆనందించవచ్చు. అంతకంటే ఒక మెట్టు పైకి కూడా ఎక్కవచ్చు. ఫోటో తీసి, ఆ ఫోటో మీద స్కేలు, వృత్తలేఖిని పెట్టి, చంద్రుడు మనకెంత దూరంలో ఉన్నాడో మీరే లెక్క కట్టవచ్చు. దీనికయ్యే ఖర్చు ఒక రాత్రి నిద్ర. అంతే!

ప్రతి పున్నమికీ ఎందుకు రాదు?

భూమి వెనుక నీడ ఒక పొడవాటి శంకువులాగా సాగి ఉంటుంది. దాని పొడవు ఇంచుమించు 14 లక్షల కిలోమీటర్లు. ఈ చిక్కని నీడను ప్రచ్ఛాయ అంటారు. దాని చుట్టూ సూర్యకాంతి కొంత మాత్రమే అందే పలచని నీడ ఉంటుంది. అది ఉపచ్ఛాయ.

పున్నమినాడు సూర్యుడికి ఎదురుగా, భూమికి అవతలి పక్కన చంద్రుడు ఉంటాడు. అలాంటప్పుడు ప్రతి పున్నమికీ నీడలో పడాలి గదా అని మీకు సందేహం రావచ్చు. చంద్రుడు తిరిగే తలం భూమి తిరిగే తలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంది. అందుచేత చాలా పున్నములలో చంద్రుడు నీడకు పై నుంచో కింది నుంచో తప్పించుకుని పోతాడు. రెండు తలాలు కలిసే చోటికి దగ్గరగా పున్నమి వచ్చినప్పుడే పట్టుబడతాడు.

గ్రహణం భూమి నీడ వల్ల కలుగుతుందని ఆర్యభటుడు సాధారణ శకం 499లోనే తన గ్రంథంలో చెప్పాడు. మన పంచాంగకర్తలు గ్రహణ సమయాలను ముందే లెక్కించి ఇస్తున్నారంటే, వారు లెక్క వేసేది ఆ నీడనే. మీ ఇంట్లో పంచాంగం ఉంటే గ్రహణం వచ్చే సంవత్సరం ఒకసారి తెరిచి చూడండి. అందులో ఐదు మాటలు కనిపిస్తాయి. నీడ చంద్రుణ్ణి తాకడం స్పర్శ. పూర్తిగా మింగడం నిమీలనం. నడిమి క్షణం మధ్యకాలం. తిరిగి మొదటి వెలుగు రేఖ కనిపించడం ఉన్మీలనం. పూర్తిగా విడవడం మోక్షం. మనం గడియారం పట్టుకుని కనిపెట్టవలసిన ఘట్టాలు సరిగ్గా ఇవే!

ఒక రాత్రి కాలపట్టిక

2025 సెప్టెంబరు 7, భాద్రపద పున్నమి, ఆదివారం. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం భారతదేశమంతటికీ మొదటి నుంచి చివరి దాకా కనిపించే వీలు కలిగింది. మన గడియారం ప్రకారం దాని నడక ఇలా సాగింది:

ఉపచ్ఛాయలో ప్రవేశం – రాత్రి 8 గం. 58 ని.
స్పర్శ – 9 గం. 57 ని.
నిమీలనం – 11 గం. 1 ని.
మధ్యకాలం – 11 గం. 42 ని.
ఉన్మీలనం – 12 గం. 23 ని.
మోక్షం – 1 గం. 27 ని.
ఉపచ్ఛాయ నుంచి బయటికి – 2 గం. 25 ని.

ఈ పట్టికను కొంచెం పరిశీలించండి. స్పర్శ నుంచి నిమీలనం వరకు 64 నిమిషాలు. అంటే చంద్రుడి ఒక అంచు నీడలో పడ్డాక రెండో అంచు కూడా పడేందుకు గంటకు పైగా పట్టింది. చంద్రుడు ఆకాశంలో తన వెడల్పు అంత దూరం తూర్పుగా జరగడానికి ఇంచుమించు ఒక గంట పడుతుందన్న మాట. సంపూర్ణ గ్రహణం 82 నిమిషాలు నిలిచింది. అంటే నీడ చంద్రుడి కంటే చాలా వెడల్పు. ఎంత వెడల్పు? అదే మనం తేల్చవలసిన సంగతి.

ఆ రాత్రి నేను మా మేడ మీద చాప వేసుకుని కూర్చున్నాను. మా నాయనమ్మకు ఇది నచ్చలేదు. "గ్రహణం పూట ఆరుబయట ఏమిట్రా? లోపలికి రా" అని రెండుసార్లు కేక వేసింది. ఆమెతో వాదించలేదు. "నాయనమ్మా, విడుపు స్నానానికి నువ్వు ఒంటిగంటన్నరకి ఎలాగూ లేవాలి గదా. విడుపు ఎప్పుడో కళ్ళారా చూసి నేను చెబుతాను" అన్నాను. కాసేపటికి ఆమే మెట్లెక్కి వచ్చి, పిట్టగోడ పక్కన పీట వేసుకుని కూర్చుంది.

మీ ఇంట్లోనూ ఇటువంటి మాట రావచ్చు. చంద్రగ్రహణంలో జరిగేది ఒక్కటే: చంద్రుడికి అందే సూర్యకాంతి కొన్ని గంటలపాటు తగ్గుతుంది. కొత్త కిరణాలేవీ పుట్టవు. చూసే కంటికి గాని, వండిన అన్నానికి గాని, గర్భవతులకు గాని దీనివల్ల కీడు లేదు. సూర్యగ్రహణాన్ని మాత్రం తగిన కళ్ళద్దాలు లేకుండా చూడకూడదు. ఎందుకంటే సూర్యుడి కాంతి కంటిని దెబ్బ తీస్తుంది. చంద్రగ్రహణాన్ని ఉత్త కళ్ళతో ఎంతసేపైనా చూడవచ్చు.

మేలుకునే ముందు

మధ్యాహ్నం ఒక గంట నిద్రపోండి. పెద్దవాళ్ళకు ముందే చెప్పి, ఒకరిని తోడు రమ్మనండి. మేడ మీదైతే పిట్టగోడకు దూరంగా చోటు చూసుకోండి. చాప, దుప్పటి, మంచినీళ్ళు, దోమల మందు దగ్గర ఉంచుకోండి. టార్చిలైటుకు ఎర్రటి గాజు కాగితం కట్టండి. తెల్లటి వెలుగు కళ్ళలో పడితే, చీకటికి అలవాటు పడ్డ చూపు మళ్ళీ కుదురుకోవడానికి చాలాసేపు పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం ఒక నోటుపుస్తకం, పెన్సిలు. దీని విలువ నాకు 2018లో తెలిసింది. ఆ ఏడాది జూలై 27 రాత్రి స్పర్శ 11 గం. 54 నిమిషాలకు, నిమీలనం ఒంటిగంటకు. ఒక స్నేహితుడి కెమెరా అడిగి తెచ్చుకుని, మబ్బుల సందుల్లో దొరికినప్పుడల్లా ఫోటోలు తీశాను. తెల్లవారాక చూస్తే సగం ఫోటోల్లో చంద్రుడు తెల్లటి బిళ్ళలాగా ఉన్నాడు. నీడ అంచు ఆ తెలుపులో కలిసిపోయింది. తక్కినవి నల్లగా ఉన్నాయి. పైగా కెమెరాలో గడియారం తప్పు. కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు. ఏ ఫోటో ఎప్పటిదో నాకే తెలియలేదు. రాత్రంతా మేలుకుని కూడా చేతికి ఏమీ దక్కలేదు!

అందుకే ఈసారి సాయంత్రమే గడియారాన్ని సరైన సమయంతో సరిచూసుకున్నాను. ప్రతి ఫోటోకూ ఒక వరుస రాశాను. సమయం, ఎంతసేపు వెలుగు పట్టిందీ, మబ్బు ఉందా లేదా, నీడ రంగు ఏమిటి. ఫోన్లు ఫోటో తీసిన సమయాన్ని తామే నమోదు చేస్తాయి, నిజమే. కాని మీ కంటికి కనిపించిన రంగును అవి నమోదు చేయవు.

ఫోటో తీయడం ఎలా?

చీకటి ఆకాశంలో చంద్రుణ్ణి చూడగానే కెమెరా పొరబడుతుంది. చుట్టూ నలుపే ఉంది గనుక వెలుగు చాలలేదనుకుని, ఎక్కువ వెలుగు పట్టుకుంటుంది. దాంతో చంద్రుడు తెల్లటి బిళ్ళ అయిపోతాడు. అసలు చంద్రుడి మీద ఉన్నది పట్టపగటి ఎండ అని గుర్తుంచుకోండి.

ఫోన్ అయితే తెర మీద చంద్రుణ్ణి వేలితో నొక్కి పట్టి, చంద్రుడి మచ్చలు కనిపించేదాకా వెలుగును తగ్గించండి. ఫోన్‌ను ఇటుకలకో కుర్చీకో ఆనించి, కదలకుండా పెట్టండి. మీట నొక్కిన 3 సెకన్ల తరవాత ఫోటో తీసే టైమరు పెట్టుకుంటే చేతి వణుకు అంటదు. బైనాక్యులర్సు ఉంటే దాని కంటి కటకానికి ఫోన్ కటకాన్ని ఆనించి తీయండి. చంద్రుడు పెద్దగా వస్తాడు.

చేతితో అమర్చుకోగల కెమెరా ఉంటే ఈ కొలతలతో మొదలుపెట్టండి. నిండు చంద్రుడికి ఐఎస్‌ఓ 100, కటక రంధ్రం ఎఫ్/8, సెకనులో 250వ వంతు. సంపూర్ణ గ్రహణంలో చంద్రుడి వెలుగు పదివేల రెట్లకు పైగా పడిపోతుంది. అప్పుడు ఐఎస్‌ఓ 800, ఎఫ్/5.6, 1 నుంచి 4 సెకన్లు కావాలి. ఇంతసేపు చేతిలో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు గనుక స్టాండు తప్పనిసరి. నీడ సగం కమ్మినప్పుడు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ వెలుగులతో మూడు ఫోటోలు తీయండి. ఒకటి కాకపోతే ఒకటి పనికి వస్తుంది.

చంద్రుడి బొమ్మ కెమెరా లోపల ఎంత పెద్దగా పడుతుంది? కటకం నాభ్యంతరాన్ని 110తో భాగించండి. 200 మిల్లీమీటర్ల కటకమైతే బొమ్మ 1.8 మిల్లీమీటర్లు మాత్రమే! ఈ 110 ఎక్కడి నుంచి వచ్చిందో కాసేపట్లో చూద్దాం.

ఎర్రబడ్డ చంద్రుడు

మా మేడ మీద 9 గం. 57 ని. దాటగానే చంద్రుడి ఎడమ అంచు నొక్కుపడింది. చూస్తుండగానే ఆ నొక్కు పెరిగింది. పదకొండుకి సన్నని వెలుగు రేఖ ఒక్కటే మిగిలింది. ఒక మబ్బు తునక వచ్చి నిమీలనాన్ని నాకు దక్కకుండా చేసింది. పుస్తకంలో "మబ్బు, కనపడలేదు" అనే రాసుకున్నాను. అలా రాయడం కూడా పరిశీలనే. చూడనిదాన్ని చూసినట్టు రాయడమే తప్పు.

మబ్బు తొలిగేసరికి, నడినెత్తికి కొంచెం దక్షిణంగా, కాల్చిన ఇటుక రంగులో గుండ్రని చంద్రుడు కనిపించాడు. అంతవరకూ వెన్నెలలో దాగిన నక్షత్రాలన్నీ బయటపడ్డాయి. నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "నీడలో ఉంటే నల్లగా ఉండాలి గదరా, ఎర్రగా ఎందుకున్నాడు?" అని అడిగింది. మంచి ప్రశ్న!

భూమి చుట్టూ గాలి పొర ఉంది. సూర్యకిరణాలు ఆ పొరను రాసుకుంటూ పోయేటప్పుడు వంగి, నీడలోకి చొరబడతాయి. దారిలో నీలికాంతి చెదిరిపోతుంది. ఎరుపు మిగులుతుంది. ఉదయం, సాయంత్రం సూర్యుడు ఎర్రగా కనిపించడానికి కూడా కారణం ఇదే. ఆ సమయంలో చంద్రుడి మీద నిలబడి చూస్తే నల్లటి భూమి చుట్టూ ఒక ఎర్రటి ఉంగరం కనిపిస్తుంది. భూమి మీద ఆ క్షణాన జరుగుతున్న సూర్యోదయాలూ సూర్యాస్తమయాలూ అన్నీ కలిసిన ఉంగరం అది. ఆ వెలుగే చంద్రుడి మీద పడుతుంది.

గాలిలో దుమ్ము, పొగ ఎక్కువైతే ఆ వెలుగు తగ్గుతుంది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలింది. 1992 డిసెంబరు గ్రహణంలో చంద్రుడు చాలా నల్లగా కనిపించాడు. అంటే గ్రహణం రంగును బట్టి మన గాలి స్థితి తెలుసుకోవచ్చు. దీనికోసం ఫ్రాన్సు దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆంద్రె దాంజోన్ ఒక మానం ఏర్పరచాడు. దాదాపు కనపడనంత నలుపైతే 0. ముదురు గోధుమ రంగు 1. ముదురు ఎరుపు 2. ఇటుక రంగు 3. వెలుగైన రాగి రంగు 4. కెమెరా రంగులను నమ్మకండి, కంటితో చూసి అంకె వేయండి. నేను 3 వేశాను.

ఇప్పుడు లెక్క

సగం కమ్మిన ఫోటోలలో నీడ అంచు స్పష్టంగా ఉన్నదాన్ని ఒకటి ఎంచుకుని కాగితం మీద అచ్చు వేయించండి. నా ఫోటోలో చంద్రబింబం వ్యాసం 8 సెంటీమీటర్లు వచ్చింది. నీడ అంచు మీద ఒకదానికొకటి దూరంగా మూడు బిందువులు గుర్తించండి. వాటిని కలిపే రెండు రేఖలకు లంబ సమద్విఖండన రేఖలు గీయండి. అవి ఖండించుకునే చోటే నీడ కేంద్రం. తరగతిలో నేర్చుకున్న జ్యామితి ఇక్కడ పనికి వచ్చింది, చూశారా! కేంద్రం నుంచి అంచు వరకు కొలిస్తే నాకు 10.4 సెంటీమీటర్లు వచ్చింది. అంటే నీడ వ్యాసం 20.8. దాన్ని 8తో భాగిస్తే 2.6.

కాబట్టి చంద్రుడి దగ్గర భూమి నీడ వెడల్పు చంద్రుడి వెడల్పుకు 2.6 రెట్లు. అయితే నీడ శంకువు గదా, పోను పోను సన్నబడుతుంది. ఎంత సన్నబడింది? దీనికి సూర్యగ్రహణం సాయం చేస్తుంది. సంపూర్ణ సూర్యగ్రహణంలో చంద్రుడి నీడ భూమిని చేరేసరికి దాదాపు ఒక మొన అయిపోతుంది. అంటే చంద్రుడికీ భూమికీ నడుమ ఉన్న దూరంలో నీడ ఒక చంద్రుడి వెడల్పు అంత తరిగిపోతుంది. భూమి నీడ కూడా అంతే దూరం ప్రయాణిస్తోంది గనుక అది కూడా అంతే తరుగుతుంది. తరిగిన ఆ ఒక్కటీ తిరిగి కలపండి: 2.6 + 1 = 3.6. భూమి వ్యాసం చంద్రుడి వ్యాసానికి 3.6 రెట్లు!

భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లని మీకు తెలుసు. దాన్ని 3.6తో భాగిస్తే 3,539. చంద్రుడి అసలు వ్యాసం 3,474 కిలోమీటర్లు. ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి.

ఇక దూరం. ఏదైనా ఒక పున్నమినాడు, సరిగ్గా ఒక సెంటీమీటరు వ్యాసం ఉన్న కాగితం బిళ్ళను గాజు పలక మీద అంటించి, చంద్రుడికి అడ్డంగా పెట్టండి. ఒక కన్ను మూసుకుని, బిళ్ళ చంద్రుణ్ణి సరిగ్గా కప్పేదాకా వెనక్కి జరగండి. కంటికీ బిళ్ళకూ మధ్య దూరం ఇంచుమించు 110 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే ఏ గుండ్రని వస్తువైనా తన వ్యాసానికి 110 రెట్లు దూరంలో ఉంటే చంద్రుడంత కనిపిస్తుంది. చంద్రుడూ అంతే! 3,539 × 110 = 3,89,290 కిలోమీటర్లు. చంద్రుడి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. కెమెరా కటకం దగ్గర వాడుకున్న 110 కూడా ఇదే.

ఇంత దగ్గరగా రావడంలో నా అదృష్టం కూడా కొంత ఉంది. నీడ అంచు మసకగా ఉంటుంది గనుక మీకు 2.4 రావచ్చు, 2.9 రావచ్చు. ఏది వస్తే అదే రాయండి. ఈ దారి మొదట తొక్కిన వాడు క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు గ్రీకు పండితుడు అరిస్టార్కస్. ఆయన నీడను చంద్రుడికి 2 రెట్లు అనుకున్నాడు. తరవాత హిప్పార్కస్ 2.5 అన్నాడు. టాలమీ 2.6 అన్నాడు. వారెవరికీ కెమెరా లేదు. ఒకరి అంకెను మరొకరు మళ్ళీ కొలిచి సరిదిద్దారు. శాస్త్రం నడిచేది అలాగే.

మీ వంతు

ఒంటిగంట ఇరవై ఏడుకి చివరి మసక చంద్రుడి మీది నుంచి జారిపోయింది. "విడిచింది, నాయనమ్మా!" అన్నాను. ఆమె లేచి, పంచాంగంలో తాను గుర్తు పెట్టుకున్న సమయంతో నా గడియారాన్ని సరిచూసి, "సరిపోయిందిరా" అంటూ స్నానానికి వెళ్ళింది. ఆమె లెక్క, నా లెక్క ఒకే నీడను గురించినవి మరి! నేను పుస్తకంలో ఆఖరి వరుస రాసి పడుకున్నాను.

2028 జూలై 6 రాత్రి మన దేశంలో పాక్షిక చంద్రగ్రహణం కనిపిస్తుంది. నీడ వంపును కొలవడానికి అది చాలు. దాన్ని అభ్యాసంగా వాడుకోండి. అదే సంవత్సరం డిసెంబరు 31 రాత్రి సంపూర్ణ గ్రహణం వస్తుంది. స్పర్శ సుమారు 8 గం. 37 నిమిషాలకు, నిమీలనం సుమారు 9 గం. 46 నిమిషాలకు. చలికాలం గనుక మబ్బుల బెడద తక్కువ. పన్నెండు కొట్టగానే ఊరంతా కొత్త సంవత్సరానికి కేకలు వేస్తుంది. అప్పటికి భూమి నీడ చివరి అంచు ఇంకా చంద్రుడి మీదే ఉంటుంది. అది కొద్ది నిమిషాల తరవాత గాని జారిపోదు.

అది సరిగ్గా ఎన్ని నిమిషాలకు జారిపోయిందో మీ నోటుపుస్తకంలో మీ చేతి రాతతో ఉండాలి. ఆ రాత్రి ఎలాగూ ఎవరూ మిమ్మల్ని పడుకోమనరు!